చల్లారాక బిగించాలి

మార్టూరు దాటాం. ఇంకో గంట, మహా అయితే గంటంబావు, కొత్తపట్నం రేవులో ఉంటాం. ఈలోపు నేను ఒక మాట అనుకోవాలి, అనుకున్న మాట నోటితో చెప్పాలి. అద్దం ఎత్తెయ్ పెద్దమ్మా అంటున్నాడు బండి తోలే అల్లాబక్షు, రోడ్డు వారన మిరప కల్లాలు మొదలయ్యాయి, ఎర్ర దుప్పట్లు పరిచినట్టు కాయ ఎండుతోంది, ఆడవాళ్లు ముక్కులకి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు, బండి వెళ్లిన గాలికే ఘాటు లేచి గొంతులో పడుతోంది. ఎత్తాను. ఎత్తినా తుమ్మొచ్చింది. నజీరా నవ్వింది, నా మనవరాలు, కిటికీ వైపు కూర్చుని ఒళ్లో కాగితాల సంచి పెట్టుకుని ఉంది, నవ్వితే వాళ్ల తాతలాగా ఒక పక్కకే నవ్వుతుంది. వెనక ట్రాలీలో గోనెపట్టాల మీద రెండు హెడ్లు ఉన్నాయి. హెడ్డంటే ఇంజను నెత్తిన కూర్చునే బరువైన మూత, లోపలి మంటని బయటికి పోనివ్వకుండా, చుట్టూ తిరిగే నీళ్లని లోపలికి రానివ్వకుండా అదిమిపట్టి ఉంచేది అదే. ఒకటి ఇనపది, పాతదాన్ని బాగుచేసి రంగేశారు, ఎక్కించడానికి నలుగురు పట్టారు. రెండోది అల్యూమినియంది, కొత్తది, గిన్నెల్ని అన్నట్టే దీన్నీ మేం సత్తు హెడ్డు అంటాం, దాన్ని నజీరా, అల్లాబక్షు ఇద్దరే ఎత్తి పెట్టారు. గుంటూరు షాపాయన మర్యాదస్తుడు, రెండూ తీసుకెళ్లండి, పడవ వాళ్లకి చూపించండి, వద్దన్నది సాయంత్రం ఇదే బండిలో వెనక్కి పంపండి అన్నాడు. ఏది ఉండాలో ఏది తిరిగిపోవాలో చెప్పాల్సింది నేను. పడవ గల ఇమ్మానియేలు అలాగే అన్నాడు, బూబమ్మ ఏది బిగించమంటే అది, మాబు సాయిబు ఇంటి మాట మాకు చాలు అని. పడవ ఇంజన్ల మేస్త్రి మా ఆయన, పోయి మూడేళ్లయింది. ఆయన మాట ఇంకా చెల్లుతోంది. అదే నా గుండెల మీద కూర్చుంది, వెనకున్న ఇనప హెడ్డుకన్నా బరువుగా.

ఇమ్మానియేలు పడవ వేటకి పోయే పడవ కాదు. వేటకి పోయిన వాళ్లకి ఏదన్నా అయితే వాళ్ల కోసం పోయే పడవ. రేవులో పడవల వాళ్లందరూ కలిసి కొనుక్కున్నారు, పొడుగ్గా సన్నగా ఉంటుంది, పెద్ద ఇంజను, ఆరు సిలిండర్లది, పూర్తిగా వదిలితే ముందు భాగం నీళ్లలోంచి లేచి పరిగెత్తుతుంది. కానీ పూర్తిగా వదిలేదెప్పుడు? దాని మీద ఉన్నది ఇనప హెడ్డు. పది నిమిషాలు గట్టిగా పోయిందా, వేడెక్కి ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తుంది, తగ్గించాలి, మెల్లగా పోవాలి, మళ్లీ పెంచాలి. మొన్న డిసెంబరులో గాలి తిరిగిన రోజున బాలు పడవ తిరగబడింది, అందులో బాలు, వాళ్ల మేనమామ. ఫోనొచ్చిన అయిదు నిమిషాల్లో ఇమ్మానియేలు బయల్దేరాడు. సగం దూరంలో ముల్లు పైకి పోయింది, అతను తగ్గించలేదు, ఎలా తగ్గిస్తాడు, హెడ్డు అడ్డంగా పగిలింది, అక్కణ్ణించి కుంటుకుంటూ పోయాడు. పోయేసరికి ఐసు పెట్టె పట్టుకుని బాలు ఒక్కడే ఉన్నాడు. మామ ఇప్పటిదాకా ఉన్నాడు అన్నాడట, ఇప్పుడే, ఇప్పటిదాకా నాతో మాట్లాడాడు. ఆ మాట ఇమ్మానియేలు మా షాపు బల్ల మీద కూర్చుని చెప్పాడు, టీ గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా. ఈసారి సత్తుది వేద్దామా బూబమ్మా, విశాఖపట్నంలో వేగం పడవలన్నిటికీ అదేనంట, అన్నాడు, అని తనే, మా వదిన ఒప్పుకోదులే అన్నాడు. వాళ్ల వదిన లిడియా. మా ఇమ్మానియేలు అన్న మార్క్ భార్య. మార్క్‌ని సత్తు హెడ్డు మింగిందని ఆ రేవులో చంటిపిల్లకి కూడా తెలుసు. పద్నాలుగేళ్లయింది, ఆ తర్వాత ఆ తీరంలో ఒక్క పెద్ద పడవకి కూడా సత్తు హెడ్డు ఎక్కలేదు.

మింగింది సత్తు కాదు. మింగింది ఎవరో నాకు తెలుసు. అబ్బ, దూది లారీ, ఎంత ఉబ్బరంగా కట్టాడో చూడు, రోడ్డంతా తనదే అన్నట్టు, అల్లాబక్షు హారను కొడుతున్నాడు, తాళ్ల సందుల్లోంచి దూది పింజలు ఎగిరి మా అద్దానికి అంటుకుంటున్నాయి. మా నాన్న చూస్తే బండి ఆపి ఏరుకునేవాడు. దూదేకేవాడు మా నాన్న, ఇంటింటికీ పోయి పరుపుల దూది విప్పి విల్లుతో ఏకేవాడు, చెక్క సుత్తితో నరాన్ని కొడితే టంగ్ టంగ్ మని మోగేది, ఆ మోతలో తేడా వస్తే దూదిలో తేమ ఉందనో గింజ ఉందనో చెప్పేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇప్పుడేంటి చాందూ? గింజ నాన్నా. ఇప్పుడు? తడి. బడికి పంపలేదు కానీ చెవికి చదువు చెప్పాడు. ఆ చెవితోనే పొద్దున గుంటూరులో మూడు సత్తు హెడ్లు తట్టి చూశాను. షాపాయన విడ్డూరంగా చూశాడు, డెబ్బై ఏళ్ల ముసలమ్మ పానా తీసుకుని హెడ్డు కొసలు తడుతుంటే. మొదటిది అద్దంలా మెరుస్తోంది, కారు ఇంజనుదంట, తట్టితే పల్చగా పలికింది, తిరునాళ్లలో అమ్మే గిన్నెల్లాగా, ఉప్పుగాలికి ఇది రెండేళ్లు కూడా ఆగదు అన్నాను. రెండోది బాగానే ఉంది కానీ ఒక మూల మోత చచ్చిపోయింది. తిరగేసి, కారుతుందేమో చూడ్డానికి వాల్వుల గుంటల్లో కిరసనాయిలు పోయించాను, చెమ్మ దిగలేదు, అయినా ఆ మూల నాకు నచ్చలేదు. నజీరా వేలు పెట్టి చూపించింది, లోపల నీటిదారి పక్కన బుడగంత బోలు. మూడోది చూడ్డానికి ఏమీ బాగోలేదు, మసకగా, బూడిద పూసినట్టు, కానీ అడుగు మందంగా ఉంది, ప్రతి మూలా ఒకేలా పలికింది. నజీరా కాగితం చూసి, ఇది సముద్రం కోసమే పోసింది నాయనమ్మా, వాల్వు కూర్చునే చోట గట్టి రింగులు కూడా వేరేగా దిగగొట్టారు, అంది. దాని మొహం వెలిగిపోయింది. దాని చేతులు ఆ హెడ్డు మీద ఎలా తిరిగాయో చూశాను, దాని తాత చేతులే.

మేదరమెట్ల. ఇక్కడ టీ తాగుదామా అంటాడు అల్లాబక్షు, వద్దంది నజీరా, ఆలస్యమవుద్దన్నా అంది. తర్వాత నా వైపు తిరిగి మామూలుగా, వంకాయ కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది.

"ఇది బిగించేటప్పుడే జాగ్రత్త నాయనమ్మా. ఇనపదాన్లా వేడి మీద పానా పట్టకూడదు. ఒకసారి నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, అప్పుడు బిగించాలి. మాకు కాలేజీలో మొదటి వారమే చెప్పారు. తాతకి ఎవరూ చెప్పలేదా?"

"ఏమో తల్లీ."

ఏమో తల్లీ అన్నాను. నోరు దానంతట అదే అంది, పద్నాలుగేళ్ల అలవాటు. నజీరా తల ఊపి కిటికీలోంచి బయటికి చూస్తోంది. చెప్పలేదా అంటే చెప్పారమ్మా, చెన్నై షాపులో ఒక పెద్దాయన చెప్పాడు, ఫోనులో, తమిళం కలిసిన తెలుగులో, ఒకటికి రెండుసార్లు. ఎవరికి చెప్పాడంటే నాకు. ఫోను నా దగ్గరే ఉండేది. మీ తాతకి వినపడదు కదా. ముప్పై ఏళ్లు మొత్తుకునే ఇంజన్ల మధ్య ఉంటే చెవులు ఏం కావాలి. బ్రాడీపేటలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చాడు, దాన్ని పెట్టుకుని షాపులో ఇంజను స్టార్టు చేస్తే కీచుమని అరిచిందంట, తీసి డీజిల్ డబ్బాలో పడేశాడు. చెవుడని ఎవరితోనూ అననివ్వలేదు. పడవల వాళ్లకి తెలియదా, అందరికీ తెలుసు, తెలియనట్టు ఉండేవాళ్లు, మేస్త్రి మీద గౌరవం. ఆయన అరచెయ్యి ఇంజను మీద పెడితే చాలు, ఏ వాల్వు వదులో ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు. చేతికి అందనిది నేను వినేదాన్ని. ఆయన వెనక నిలబడేదాన్ని, వీపు మీద ఒక వేలితో తడితే మోత మారిందని, రెండు వేళ్లతో తడితే పెంచమని, ఎడమ భుజం మీద అరచెయ్యి మోపితే ఆపమని. జనానికి ఎలా కనిపించేదంటే, ముసలాయనకి చెమట పడుతోందని భార్య దగ్గరే నిలబడింది, అంతే. మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు ఆ భాష. ఆయన పోయాక నా చేతికి పని లేదు.

ఆ రోజు మార్క్ వచ్చాడు. వాడే మొదటివాడు ఆ రేవులో కొత్త రకం ఇంజను తెచ్చింది, సత్తు హెడ్డుతో. పెద్ద నోరు వాడికి, ఒక్కడే వస్తే పదిమంది వచ్చినట్టుండేది, వెంట నిజంగానే అయిదారుగురు వచ్చారు చూడ్డానికి. చెన్నై నుంచి కొత్త హెడ్డు పార్సిలు, మా ఆయన బిగించాడు, గంటసేపు నడిపాడు, షాపంతా పొగ, మాటలు. ఆ గంటలోనే ఫోనొచ్చింది, నేను వెనక గదిలోకి పోయి విన్నాను, సాయిబుగారికి చెప్పండమ్మా, అది ఇనుము కాదు, వేడి మీద ఉబ్బి ఉంటుంది, అప్పుడు బిగిస్తే చల్లారాక వదులైపోతుంది, చల్లారాకే బిగించాలి, మర్చిపోవద్దు. ఇంకా ఏవేవో చెప్పాడు. నాకు ఇట్టే అర్థమైంది, గాజుల బండి వాడు చెప్పేవాడుగా, ఎండన పడి వచ్చి గాజులు తొడిగించుకోకండి, చేతులు ఉబ్బి ఉంటాయి, సాయంత్రానికి జారిపోతాయి అని. బయటికి వచ్చాను. అప్పటికే మా ఆయన ఇంజను ఆపి, ఆవిర్లు లేస్తున్న హెడ్డు మీద పెద్ద పానా పెట్టాడు. ముప్పై ఏళ్లుగా ఇనప హెడ్లకి అదే పద్ధతి, వేడి మీద ఒక పట్టు బిగిస్తే ఇక కదలదు అనేవాడు. ఒక బోల్టు అయింది. రెండో బోల్టు. నేను ఆయన వెనకికి వచ్చాను. చెయ్యి ఎత్తాను.

ఎత్తిన చెయ్యి ఇప్పటికీ అక్కడే ఉంది. ఎందుకు దించలేదు? మార్క్ ఏదో హాస్యమాడాడు, "మేస్త్రీ, ఇంత గట్టిగా పెళ్లాన్ని కూడా పట్టుకోలేదేమో నువ్వు" అని, అందరూ పకపకా నవ్వారు, మా ఆయనకి వినపడలేదు, అయినా వాళ్ల మొహాలు చూసి తనూ నవ్వాడు, ఒక పక్కకి, సంతోషంగా. అలాంటి నవ్వు మీద చెయ్యి మోపి ఆపాలి. ఆపితే ఎందుకని అడుగుతాడు, అడిగితే అరిచి చెప్పాలి, ఆరుగురు మగాళ్ల ముందు, ఏమయ్యో నువ్వు తప్పు చేస్తున్నావు, ఈ పని ఇలా కాదంట అని, చదువులేని ఆడది, గొంతు చించుకుని. ఆయన తలెత్తుకుని తిరిగే చోటు లోకంలో ఆ షాపొక్కటే. వాళ్లు వెళ్లాక చెబుదాం, రేపు పొద్దున మళ్లీ విప్పి బిగిస్తాడు, ఏమంత పోయింది. చెయ్యి కొంగు సర్దుకోడానికి పోయింది. సాయంత్రానికే మార్క్ ఇంజను బండి మీద ఎక్కించుకుపోయాడు. పోతూ, "బూబమ్మా, మొదటి వేట చేప నీకే" అన్నాడు. అప్పుడన్నా చెప్పచ్చు. అన్నం పెడుతూ చెప్పచ్చు, ఆయన ఎంత ఆకలిగా తిన్నాడో, ఇంత పెద్ద ఇంజను నేనే మొదట బిగించా చాందూ అంటూ. ఫోను నా దగ్గరే ఉంది, మార్క్ నంబరు అందులో ఉంది, చూసి నొక్కడం వచ్చు నాకు. పొద్దున చేద్దాంలే అనుకున్నాను. పొద్దునకల్లా వాడు వేటకి వెళ్లిపోయాడు.

వదులైన చోట నీళ్లు దూరి ఇంజను లోపల పట్టేసిందంట, తీరానికి చాలా దూరంలో. గాలి లేచింది. పడవ కొట్టుకొచ్చి ఒడ్డున అలలు విరిగే చోట తిరగబడింది, వాడితో పోయిన ఇద్దరు ఈదుకొచ్చారు, మార్క్ పడవ కిందికి వెళ్లాడు. మూడో రోజున పడవ దొరికితే లాక్కొచ్చి మా షాపులోనే దించారు. మా ఆయన విప్పాడు. నేను పక్కనే ఉన్నాను. పెద్ద పానా అక్కరలేదు, బోల్టులు చిన్న పానాకే వచ్చేశాయి, వేళ్లతో తిప్పినట్టు. ఆయన ఒక బోల్టుని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత హెడ్డు వైపు చూసి, "సత్తు. ఉప్పు తినేసింది. సముద్రానికి సత్తు పనికిరాదు" అన్నాడు. అందరూ విన్నారు. అదే నిలబడిపోయింది. ఆయనకి తెలిసే అన్నాడా, తెలియక అన్నాడా, ఆ బోల్టు చేతిలో తిప్పుతున్నప్పుడు ఆయన మనసులో ఏం తిరిగింది, పదకొండేళ్లు పక్కన పడుకుని కూడా అడగలేదు. పోయే ముందు ఆసుపత్రిలో కూడా, ఆ సత్తుదాన్ని నమ్మి పిల్లాణ్ణి పోగొట్టా చాందూ అన్నాడు. అవునయ్యా అన్నాను. అవునయ్యా అని ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అన్నాను, వినపడేలాగా, అది మాత్రం గట్టిగా అరిచాను.

గుండ్లకమ్మ వంతెన మీద బండి ఎగిరింది, వెనక గొలుసు చప్పుడు, నజీరా వెంటనే తల తిప్పి చూసింది, తాళ్లు సరిగ్గా ఉన్నాయా లేవా అని. ఈ పిల్ల కోసమన్నా ఊరుకోవచ్చుగా. ఆడపిల్ల మెకానికంటే ఎవడు ఇస్తాడు ఇంజను, దీని చదువు చూసి కాదు, బోర్డు మీద తాత పేరు చూసి ఇస్తున్నారు. మాబు సాహెబ్ బోట్ ఇంజన్ వర్క్స్. మేస్త్రి బిగించిన హెడ్డే మార్క్‌ని చంపిందంటే ఆ బోర్డు కింద ఎవరు నిలబడతారు. ఇనపది చాలు అంటే ఏమీ కాదు. ఎవరూ ఏమీ అడగరు. లిడియా నిమ్మళపడుతుంది. ఇమ్మానియేలు జాగ్రత్తగా, ముల్లు చూసుకుంటూ, మెల్లగా పోతాడు. మెల్లగా. ఐసు పెట్టె పట్టుకున్నవాడు ఒక్కడే ఉంటాడు ఇంకోసారి కూడా. అది ఎవరి లెక్కలో రాయాలి? మార్క్‌ని ఒక సాయంత్రం ఊరుకుని పోగొట్టాను. బాలు మేనమామని పద్నాలుగేళ్లు ఊరుకుని పోగొట్టాను. సత్తు హెడ్డు అప్పుడే ఆ పడవకి ఉండుంటే అరగంట దౌడు తీసినా వేడి ఆగేది అని నజీరా చెబుతూనే ఉంది, ఇది వేడిని పట్టుకోదు నాయనమ్మా, నీళ్లకి వదిలేస్తుంది, పైగా ఈసారి ఉప్పునీళ్లు దీని లోపలికే రావు, లోపల తిరిగేది మందు కలిపిన మంచినీళ్లే. చెబుతూనే ఉంది. సరే, ఊరికే సత్తుది మంచిదే అని చెప్పి ఊరుకుంటే? లిడియా టీచరమ్మ, చర్చి బడిలో ముప్పై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే మనిషి, మరి అప్పుడు మా మార్క్ ఎందుకు పోయాడు అని అడగదా? సత్తు మీద దానికున్న పగ చిన్నదా? ఇంట్లో సత్తు గిన్నె ఒక్కటి లేకుండా పంచిపెట్టేసింది. చర్చిలో ప్రేమవిందుకి సత్తు డేగిసాల్లో వండుతారని స్టీలు బాక్సులో తన అన్నం తను తెచ్చుకుంటుంది, అందరి మధ్య కూర్చుని అదే తింటుంది. పద్నాలుగేళ్లు. ఒక లోహాన్ని అసహ్యించుకుంటూ బతికింది ఆ పిల్ల, నన్ను మాత్రం పండక్కి వచ్చి కావలించుకునేది.

ఒంగోలు వచ్చింది, పోయింది. ఫోను మోగింది, ఇమ్మానియేలు.

"బూబమ్మా, ఎక్కడిదాకా వచ్చారు? ఏది తెస్తున్నావు?"

"రెండూ తెస్తున్నా నాయనా."

"వదిన కూడా వచ్చింది. ఇనపదేగా అని మూడుసార్లు అడిగింది. నువ్వే చెప్పుకో."

కొత్తపట్నం రోడ్డు, రొయ్యల చెరువుల్లో తెల్లగా నీళ్లు చిమ్ముతూ మిషన్లు తిరుగుతున్నాయి, సరుగుడు తోటలు, ఉప్పువాసన. బోల్టుల వల్లే అని ఏముంది, అంటోంది లోపల ఒకటి, రబ్బరు పాడైందేమో, పంపు ఆగిందేమో, సముద్రం, ఎవరికి తెలుసు. నాకు తెలుసు. బోల్టులు వేళ్లకి వచ్చాయి. నజీరాకి ముందు చెప్పాలి, ఇక్కడే, ఈ బండిలోనే, పరాయివాళ్ల నోట వినకూడదు అది. నజీరా అన్నాను. ఊఁ అంది. ఫోనులో ఏదో చూస్తోంది, ఆ మసక హెడ్డు ఫోటో తీసుకుంది, వేలితో పెద్దది చేసి చూసుకుంటోంది, చిన్నప్పుడు బొమ్మని చూసుకున్నట్టు. ఏంటి నాయనమ్మా? ఏం లేదు, దాహంగా ఉంది. నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. తాగాను. సగం చీర మీద పోసుకున్నాను. బండి ఇసక రోడ్డులోకి దిగింది, ఇక మాటలు కుదరవు, మొత్తం గలగల.

రేవులో పడవని ఒడ్డుకి లాగి పెట్టారు, ఇంజను మీద టార్పాలిను తీసి ఉంది, హెడ్డు లేని ఇంజను నోరు తెరుచుకుని. ఇమ్మానియేలు, మరో నలుగురైదుగురు, బాలు కూడా ఉన్నాడు, చెయ్యి ఇంకా కట్టుతోనే. లిడియా గొడుగు కింద నిలబడి ఉంది, బడి నుంచే వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లకి సుద్దముక్క పొడి. బండి దగ్గరికి వచ్చి ట్రాలీలోకి చూసింది. సత్తు హెడ్డుని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇదెందుకు తెచ్చారు బూబమ్మగారూ?"

నజీరా ఏదో చెప్పబోయింది, వేడి గురించి, మంచినీళ్ల గురించి. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను. అల్లాబక్షు ఇంజను ఆపలేదు, ఆపరా అన్నాను. ఆపాడు. అంతసేపూ లేని సముద్రం మోత ఒక్కసారి వచ్చి పడింది. దానికన్నా గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"ఆ పాపం సత్తుది కాదు లిడియమ్మా. హెడ్డు మంచిదే. బిగించడం తప్పు. చల్లారాక బిగించమని చెన్నై నుంచి ఫోను చేసి చెప్పారు, నాకు చెప్పారు. మా ఆయన వేడి మీద బిగిస్తుంటే వెనకే నిలబడి చూశాను. చెప్పలేదు. అందరి ముందూ ఆయన్ని తప్పు పట్టలేక చెప్పలేదు. ఆ రాత్రి మార్క్‌కి ఫోను కూడా చెయ్యలేదు. ఆయనకి తెలియదు. తెలిసింది నాకొక్కదానికే."

ఇమ్మానియేలు నోరు కొంచెం తెరుచుకుని ఉంది, వాళ్ల అన్న మొహం అచ్చం అదే, ఇంత దగ్గరగా ఉందని ఎప్పుడూ గమనించలేదు. బాలు ఇసకలోకి చూస్తున్నాడు. నజీరా నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. విదిలించలేదు, తీసుకుంది.

లిడియా అడిగింది, పిల్లల్ని ప్రశ్న అడిగినట్టు, తొణక్కుండా.

"ఆ రాత్రి మీరు ఫోను చేసుంటే ఆగేవాడా?"

"ఆగేవాడమ్మా. మా మాటంటే ఆగేవాడు."

గొడుగు మూసింది. మూసి, మడతలు సరిచేసి, పట్టీ చుట్టి, బొత్తం పెట్టింది. అంత సేపు పట్టింది ఆ గొడుక్కి. తర్వాత ట్రాలీ దగ్గరికి వచ్చి సత్తు హెడ్డు మీద చెయ్యి పెట్టింది, పొయ్యి మీది గిన్నె వేడిగా ఉందేమో చూసినట్టు వేళ్ల కొసలతో, ఆ తర్వాత అరచెయ్యంతా. నజీరాని అడిగింది.

"ఎంతసేపు చల్లారాలి?"

"రాత్రంతా ఆగితే మంచిది టీచర్."

"అయితే రాత్రంతా ఆగుతుంది. పొద్దున నువ్వు బిగించేదాకా పడవ తాడు ఎవర్నీ ముట్టుకోనివ్వను. ఇమ్మానియేలూ, ఇది దించు."

ఇద్దరు ముందుకొచ్చారు. అప్పుడు నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు లేవు, ఉన్నా బాగుండేది.

"మీరు వెళ్లిపోండి బూబమ్మగారూ. ఇక్కడ ఉండద్దు."

సరేనమ్మా అన్నాను. అల్లాబక్షు తలుపు తీసి పట్టుకున్నాడు, నా మొహం చూడకుండా. ఎక్కి కూర్చున్నాను, వెనక ఇనప హెడ్డు ఒక్కటే మిగిలింది, గుంటూరు పోవడానికి. నజీరా ఏం చేస్తోందో చూడాలని ఉంది, చూడ్డానికి ధైర్యం లేదు. దాని అడుగుల చప్పుడు ఇసకలో వినపడదు. బండి స్టార్టయ్యాక కిటికీ మీద వేలితో తట్టింది. అద్దం దించాను. ఏడ్చినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది. చేతిలో కాగితం, పెన్ను.

"ఆ చెన్నై ఆయన ఇంకేం చెప్పాడు?" అంది. గొంతు పరాయి మనిషిదిలా ఉంది. "మొత్తం చెప్పు. ఒక్క ముక్క వదలకుండా చెప్పు."

"మధ్య బోల్టు నుంచి మొదలుపెట్టమన్నాడు," అన్నాను. "మధ్య నుంచి అంచులకి. ఒక్కసారే గట్టిగా పట్టద్దన్నాడు, మూడు విడతలుగా."

కిటికీ అంచు మీద కాగితం పెట్టుకుని రాసుకుంది. దాని వెనక లిడియా అటు తిరిగి సముద్రం వైపు నిలబడింది, కానీ దూరంగా వెళ్లలేదు, వినపడేంత దూరంలోనే ఉంది.

"తర్వాత?" అంది నజీరా.